మడి తూముకు మోటారు: వైరింగు కూడా నీటి యాజమాన్యమే

గోదావరి డెల్టా దిగువ ప్రాంతంలో చేనుకు నీరు పెట్టడం ఎంత పనో, చేను నుంచి నీరు తీయడం అంతకు మించిన పని. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మూలంగా విజ్జేశ్వరం వద్ద బయలుదేరే పశ్చిమ డెల్టా నీరు పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల శివారు చేల వరకు చేరుతోంది. దాళ్వాలో వంతు నీరు ఏ అర్ధరాత్రో బోదెలోకి వస్తుంది. సార్వాలో వాయుగుండం పట్టిందంటే మురుగు కాలువ నిండి నీరు చేలోకి ఎగదన్నుతుంది. ఈ రెండు సందర్భాలలోనూ రైతు చేయవలసిన పని నిజానికి చిన్నదే. సరైన వేళకు మడి తూము తెరవాలి, సరైన వేళకు మూయాలి. ఆ వేళకు గట్టు మీద మనిషి ఉండడమే నానాటికీ కష్టమవుతోంది.

ఈ కారణంగానే తూము తలుపును మోటారుతో నడిపించాలన్న ఆలోచన వ్యవసాయ, వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులలోకి ప్రవేశించింది. ఇందుకు ఎక్కువగా ఎంచుకుంటున్న పరికరం చిన్న విద్యుత్ లీనియర్ యాక్చుయేటర్. మోటారు తిరుగుడును మరచుట్టు ద్వారా తిన్నని తోపుగా మార్చి, ఒక కడ్డీని ముందుకు వెనుకకు జరిపే సాధనమిది. ఆసుపత్రి మంచాల తలవైపును పైకి లేపేది, సౌర ఫలకాలను సూర్యుని వైపు తిప్పేది ఇటువంటి సాధనమే. 12 వోల్టుల బ్యాటరీతో పనిచేస్తుంది, అంగడిలో దొరుకుతుంది, తక్కువ ఖర్చుతో నమూనా తయారవుతుంది. ఈ ఉత్సాహం అభినందనీయం. అయితే ప్రాజెక్టు నివేదికలలో సెన్సార్ గురించి, మొబైల్ ఫోన్ ఆప్ గురించి పుటలకు పుటలు కనిపిస్తుండగా, బ్యాటరీ నుంచి మోటారు వరకు వెళ్లే రెండు వైర్ల గురించి ఒక్క వాక్యం కూడా కనిపించని సందర్భాలే అధికం.

ఈ లోపం సాంకేతికమైనది మాత్రమే కాదు. తూము తలుపు ఎలా తెరుచుకుంటుందో చూపించడం ప్రదర్శన అవుతుంది. విద్యుత్తు ఆగినప్పుడు, వైరు తెగినప్పుడు, తలుపు నాచులో ఇరుక్కున్నప్పుడు అది ఏ స్థితిలో నిలిచిపోవాలో నిర్ణయించడం నీటి యాజమాన్యం అవుతుంది. ఆ నిర్ణయం పంట దశ తెలిసినవారు చేయవలసినది. కనుక వైరింగును ఎలక్ట్రీషియన్ పనిగా పక్కకు నెట్టి, సస్యశాస్త్రం తన దారిన తాను పోవడం తగదు. పొలంలో ప్రదర్శించే ప్రతి స్వయంచాలక తూమూ దాని పనితీరును బట్టి కాక, అది చెడిపోయే తీరును బట్టి ముందుగా అంచనా వేయబడాలి.

12 వోల్టులు అన్న నిర్లక్ష్యం

12 వోల్టుల విద్యుత్తు మనిషిని సాధారణంగా షాక్‌కు గురిచేయదన్నది నిజం. అయితే ఆ మాట పట్టుకొని ఫ్యూజు లేకుండా వైరింగు చేయడం ప్రమాదకరం. చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ అంతర్గత నిరోధం ఓములో నలభయ్యో వంతు, అంటే 25 మిల్లీఓములు ఉన్నదనుకుంటే, దాని రెండు ధ్రువాలు నేరుగా కలిసిన క్షణంలో 480 ఆంపియర్ల వరకు ప్రవహించే అవకాశముంది. చేతి వేలంత లావు లేని వైరు ఆ ప్రవాహానికి క్షణాలలో ఎర్రబడి, పైతొడుగు కరిగి మండుతుంది. పంపు షెడ్డులో ఆ పక్కనే ఎండుగడ్డి, ఖాళీ గోనె సంచులు, డీజిల్ డబ్బా ఉండడం డెల్టా గ్రామాలలో అరుదేమీ కాదు.

ఇందుకు నివారణ చవకైనది. బ్యాటరీ ధన ధ్రువం నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు అమర్చాలి. మోటారు దగ్గర ఫ్యూజు పెట్టి తృప్తిపడితే, బ్యాటరీ నుంచి అక్కడి వరకు ఉన్న వైరు మొత్తానికి రక్షణ లేనట్లే. ఫ్యూజు రేటింగు మోటారు సాధారణ ప్రవాహం కంటే కొంచెం ఎక్కువగా, వైరు భరించగల ప్రవాహం కంటే తక్కువగా ఉండాలి. ఉదాహరణకు నిండు బరువు మీద 3 ఆంపియర్లు తీసుకునే యాక్చుయేటర్‌కు 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. అది కాలిపోయిన ప్రతిసారీ 15 ఆంపియర్ల ఫ్యూజుతో సరిపెట్టడం, లేదా రాగి తీగ ముక్క చుట్టడం జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరును పగలగొట్టడం వంటిది. ఫ్యూజు కాలిందంటే తూము వద్ద ఏదో అడ్డుపడిందని అర్థం చేసుకోవాలి.

బ్యాటరీని ఇంటి కరెంటుతో ఛార్జ్ చేసే చోట పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ 230 వోల్టులు ఉంటాయి. తడి నేల మీద, తడి కాళ్లతో నిలబడిన మనిషికి ఆ వోల్టేజి ప్రాణాంతకం. ఛార్జర్ పొడి గదిలో, నేలకు ఎత్తుగా ఉండాలి. దానికి సరఫరా ఇచ్చే చోట 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఛార్జర్ నుంచి గట్టు మీదకు 12 వోల్టుల తీగ మాత్రమే రావాలి. రొయ్యల చెరువులలో ఏరియేటర్ల కోసం గట్ల వెంట 415 వోల్టుల కేబుళ్లు పరచడం అలవాటైన ప్రాంతంలో ఈ హెచ్చరిక అతిశయోక్తిగా అనిపించవచ్చు. కాని ఆ అలవాటే ఈ హెచ్చరికకు కారణం. వీలైన చోటల్లా చిన్న సౌర ఫలకంతోనే బ్యాటరీని ఛార్జ్ చేసుకొని, ఇంటి కరెంటును తూము దరిదాపులకు రానీయకపోవడం ఉత్తమం.

దూరం తినివేసే వోల్టేజి

ప్రయోగశాల బల్ల మీద చక్కగా పనిచేసిన యాక్చుయేటర్ పొలంలో మూలుగుతూ ఆగిపోవడానికి తరచుగా వైరు మందమే కారణం. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 18 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. బ్యాటరీ పెట్టె తూముకు 10 మీటర్ల దూరంలో ఉంటే, రాకపోకలకు కలిపి 20 మీటర్ల తీగ కావాలి. అంటే నిరోధం 0.36 ఓము. 5 ఆంపియర్ల ప్రవాహం వద్ద 1.8 వోల్టులు తీగలోనే పోతాయి. మోటారుకు చేరేది 10.2 వోల్టులు మాత్రమే. అదే దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నష్టం 0.45 వోల్టుకు పరిమితమవుతుంది. పది మీటర్ల తీగ మీద ఆదా చేసిన సొమ్ము, సరైన వేళకు తెరుచుకోని తూము వల్ల మునిగిన మడి ముందు ఎంతటిది?

వోల్టేజి తగ్గుదలకు మరొక దుష్ఫలితం ఉంది. మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో ప్రవాహం అమాంతం పెరుగుతుంది. అదే తీగ మీద నియంత్రణ బోర్డు కూడా ఆధారపడి ఉంటే, దానికి అందే వోల్టేజి పడిపోయి బోర్డు ఆగిపోతుంది. రిలే విడిపోతుంది, మోటారు నిలుస్తుంది. భారం తగ్గగానే వోల్టేజి కోలుకొని బోర్డు మళ్లీ మేల్కొంటుంది, మళ్లీ మోటారును నడపమంటుంది, మళ్లీ ఆగిపోతుంది. రాత్రంతా ఇలా కొట్టుకున్న రిలే తెల్లవారేసరికి మొనలు అతుక్కొని పనికిరాకుండా పోవచ్చు. ప్రోగ్రామ్‌లో తప్పు వెదికే విద్యార్థికి ఈ తప్పు దొరకదు. నియంత్రణ బోర్డుకు బ్యాటరీ నుంచే ప్రత్యేకమైన తీగ, దాని ముందు వోల్టేజి స్థిరీకరణ పరికరం, మేల్కొన్న తరువాత కొన్ని సెకన్లు ఆగి మాత్రమే ఆదేశమిచ్చే ఏర్పాటు ఉంటే ఈ చిక్కు తొలగుతుంది.

ముందుకు, వెనుకకు, మధ్యలో

యాక్చుయేటర్‌లోని నేరు విద్యుత్తు మోటారును వెనుకకు తిప్పాలంటే దాని రెండు తీగలకు అందే ధన, రుణ ధ్రువాలను తారుమారు చేయాలి. దీనికి నాలుగు విడి స్విచ్‌లు వాడిన చోట, ఒకే పక్కనున్న రెండు స్విచ్‌లు పొరపాటున ఒకేసారి కలిస్తే బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది. ఇంతకంటే సురక్షితమైన అమరిక రెండు మార్పిడి రిలేలది. ప్రతి రిలే మధ్య కొసను మోటారు తీగలలో ఒకదానికి, విశ్రాంతి కొసను బ్యాటరీ రుణ ధ్రువానికి, పనిచేసే కొసను ఫ్యూజు ద్వారా ధన ధ్రువానికి కలపాలి. రెండు రిలేలూ విశ్రాంతిలో ఉన్నా, ప్రోగ్రామ్ తప్పి రెండూ ఒకేసారి పనిచేసినా, మోటారు రెండు తీగలూ ఒకే ధ్రువానికి చేరతాయి తప్ప షార్ట్ జరగదు. తప్పు జరిగినా హాని జరగని ఈ తర్కమే మొత్తం రూపకల్పనకు ఒరవడి కావాలి. దిశ మార్చేముందు ఒకటి రెండు సెకన్ల విరామం కూడా ఉండాలి. పరుగెడుతున్న మోటారును ఒక్కసారిగా వెనుకకు తిప్పితే ప్రవాహం విపరీతంగా పెరుగుతుంది.

చాలా యాక్చుయేటర్లలో కడ్డీ రెండు చివరలకు చేరినప్పుడు మోటారును ఆపే లిమిట్ స్విచ్‌లు లోపలే ఉంటాయి. వీటిని చూసి ఇక ఏ భయమూ లేదనుకోవడం సరికాదు. గుర్రపుడెక్క కాడ, కొబ్బరి మట్ట ముక్క, కొట్టుకువచ్చిన ప్లాస్టిక్ సంచి తలుపు సందులో ఇరుక్కుంటే కడ్డీ మధ్యలోనే ఆగుతుంది. చివరలలోని స్విచ్‌లకు ఆ సంగతి తెలియదు. తిరగలేని మోటారుకు వేగం వల్ల పుట్టే ఎదురు వోల్టేజి ఉండదు కనుక, తీగచుట్ట నిరోధం ఒక్కటే ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. ప్రవాహం కొన్ని రెట్లు పెరిగి మోటారు మాడిపోతుంది. అందువల్ల ప్రవాహాన్ని కొలిచి హద్దు దాటగానే ఆపే ఏర్పాటు అవసరం. దానికి తోడుగా సమయ పరిమితి ఉండాలి. 200 మిల్లీమీటర్ల కడ్డీ సెకనుకు 10 మిల్లీమీటర్ల వేగంతో 20 సెకన్లలో చివరికి చేరాలి. 25 సెకన్లు దాటినా చేరలేదంటే ఆదేశం రద్దై రైతుకు సమాచారం వెళ్లాలి. తయారీదారు పేర్కొన్న పని, విశ్రాంతి నిష్పత్తిని కూడా పాటించాలి. రెండు నిమిషాలు నడిచి పద్దెనిమిది నిమిషాలు ఆగవలసిన మోటారును అదేపనిగా పరీక్షిస్తూ పోతే ప్రదర్శన నాటికి అది మిగలదు.

బలం ఎక్కువ ఉన్న యాక్చుయేటర్ కొంటే మేలన్న అభిప్రాయమూ సవరించుకోదగినది. 30 సెంటీమీటర్ల వెడల్పు తలుపు మీద 30 సెంటీమీటర్ల లోతు నీరు ఒక వైపు నిలిస్తే, దాని మీద పడే ఒత్తిడి బలం సుమారు 132 న్యూటన్లు, అంటే దాదాపు 13 కిలోల బరువు. గాడిలో రాపిడి అందులో సగమనుకున్నా, తలుపు సొంత బరువు మూడు కిలోలనుకున్నా, ఎత్తడానికి కావలసింది పది కిలోల బలమే. మూడింతల జాగ్రత్త తీసుకున్నా 300 న్యూటన్ల యాక్చుయేటర్ చాలు. 1,000 న్యూటన్ల పరికరం తలుపును వంచుతుంది, తూము సిమెంటును పగులగొడుతుంది. సందులో నాచు తీస్తున్న చెయ్యి ఉంటే దానిని నలుపుతుంది. ఫోన్ ద్వారా దూరం నుంచి కదిలే తలుపు దగ్గర ఎవరు ఉన్నారో ఫోన్ పట్టుకున్నవారికి కనిపించదు. కదలడానికి ముందు పది సెకన్లు మోగే బజరు, గట్టు మీదనే సరఫరాను పూర్తిగా ఆపి తాళం వేయగల స్విచ్ లేకుండా ఏ తూమునూ దూరనియంత్రణకు అప్పగించరాదు.

నీరు, ఉప్పు, ఎలుక

డెల్టా గట్టు వైరుకు మంచి చోటు కాదు. మెలితిప్పి టేపు చుట్టిన కీలు ఒక వర్షాకాలంలోనే పచ్చబడి పాడవుతుంది. నేరు విద్యుత్తులో తడి చేరిన కీలు వద్ద ధన ధ్రువం వైపు రాగి మరింత వేగంగా కరిగిపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉప్పు తగిలే నీటిలో ఈ క్షయం ఇంకా ఎక్కువ. తగరపు పూత ఉన్న తీగ, నొక్కి బిగించిన లగ్గులు, వేడికి ముడుచుకొని పట్టే జిగురు గొట్టం, మూత గట్టిగా బిగిసే పెట్టె ఖర్చు కాదు, అవసరం. తీగలు పెట్టెలోకి అడుగు భాగం నుంచి రావాలి. లోపలికి వచ్చేముందు కిందికి ఒక వంపు తిరగాలి. అప్పుడు తీగ వెంట జారిన వాన చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. ఎలుకలు కొరకకుండా గట్టు పొడవునా తీగను గట్టి గొట్టంలో నడపాలి. గట్టు లోపల పాతితే పీతల బొరియలు, పార దెబ్బలు రెండూ ప్రమాదమే.

పరికరం మీద ఐపీ 65 అని ఉంటే నీటి జల్లును తట్టుకుంటుందని అర్థం. నీటిలో మునిగినా పనిచేస్తుందని కాదు. తాత్కాలికంగా మునగడాన్ని తట్టుకోవాలంటే ఐపీ 67 కావాలి. అది కూడా ఒక మీటరు లోతున అరగంట వరకే. వరద నీరు మూడు రోజులు నిలిచే చేలో ఈ తేడా చిన్నది కాదు. మోటారు భాగాన్ని గట్టు కంటే ఎత్తున, ఆ ఊరిలో చేలు మునిగినప్పుడు నీరు ఎంత వరకు వస్తుందో పెద్దలను అడిగి తెలుసుకున్న గుర్తుకు పైన అమర్చాలి. కడ్డీ కిందికి చూసేలా బిగిస్తే దాని సీలు మీద నీరు, మట్టి నిలవవు.

మబ్బు పట్టిన నాలుగో రోజు

బ్యాటరీ లెక్కలో విద్యార్థులు మోటారునే చూస్తారు. ఒక కదలికకు 3 ఆంపియర్లు 30 సెకన్లపాటు పోతే ఖర్చయ్యేది 0.025 ఆంపియర్ గంటలు. రోజుకు రెండు కదలికలైతే 0.05. అదే సమయంలో నిద్రపోకుండా 50 మిల్లీఆంపియర్లు తీసుకుంటూ ఉండే నియంత్రణ బోర్డు, మోడెమ్ కలిసి రోజుకు 1.2 ఆంపియర్ గంటలు వాడుకుంటాయి. కదిలే మోటారు కంటే ఊరకే మేల్కొని ఉన్న బోర్డు 24 రెట్లు ఎక్కువ ఖర్చు చేస్తున్నదన్నమాట. 7 ఆంపియర్ గంటల బ్యాటరీలో సగమే వాడదగినదనుకుంటే, సౌర ఫలకానికి వెలుగు లేని స్థితిలో అది మూడు రోజులకు మించి రాదు.

వాయుగుండం పట్టిన రోజులలో ఆకాశం ఎన్నాళ్లు మూసుకుపోతుందో డెల్టా రైతుకు తెలుసు. తూము అత్యవసరమయ్యేది కూడా సరిగ్గా ఆ రోజులలోనే. నాలుగో రోజు బ్యాటరీ అయిపోయినప్పుడు తూము ఎలా ఉంటుంది? మరచుట్టు రకం యాక్చుయేటర్ విద్యుత్తు లేనప్పుడు సాధారణంగా ఉన్నచోటనే బిగుసుకొని ఉంటుంది. చేతితో నెట్టినా కదలదు. మూసి ఉంటే మూసినట్లే, తెరచి ఉంటే తెరచినట్లే. సాంకేతికంగా ఇది ఏ లోపమూ కాదు. కాని వాన నీరు నిండుతున్న మడిలో మూసుకుపోయిన మురుగు తూము పంటకు ముప్పు.

ఇక్కడే వైరింగు సస్యశాస్త్రంలోకి వస్తుంది. మురుగు కాలువ మట్టం చేను కంటే తక్కువగా ఉన్నచోట తూము తెరచి ఆగిపోవడం క్షేమం. పోటు సమయంలో మురుగు కాలువ నీరు ఎగదన్నే చోట తూము తెరచి ఉంటే ఉప్పు కలిసిన నీరు మడిలోకి వస్తుంది. అక్కడ మూసుకొని ఆగిపోవడమే క్షేమం. బోదె వైపు తూము తెరచి ఉండిపోతే పక్కవారి వంతు నీరు తన మడిలోకి వచ్చి గట్టు తగాదాకు దారితీస్తుంది. కాబట్టి ఎన్ని తూములకు ఒకే రూపకల్పన పనికివస్తుందన్న ప్రశ్నకు ముందు, ఈ తూము చెడిపోతే ఏ వైపు చెడిపోవాలన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. బ్యాటరీ వోల్టేజి హద్దుకు తగ్గగానే, ఇంకా ఒక కదలికకు సరిపడా శక్తి ఉండగానే, తలుపును ఆ క్షేమ స్థితికి చేర్చి, రైతుకు సందేశం పంపి, ఆ తరువాతే బోర్డు నిద్రపోవాలి. దానితోపాటు కడ్డీని తలుపుకు కలిపే పిన్నును ఒక్క చేతితో తీసి, తలుపును మామూలుగా ఎత్తగలిగే వీలు తప్పక ఉండాలి. గట్టులో ఒక నిర్ణీత ఎత్తు దాటిన నీరు తనంతట తానే పొర్లిపోయే చిన్న అలుగు ఉంటే ఏ బ్యాటరీ మీదా ఆధారపడని చివరి రక్ష దొరుకుతుంది.

పంట దశను బట్టి ఈ నిర్ణయం మారుతుంది. తడి, ఆరబెట్టు పద్ధతిలో రంధ్రాలు చేసిన పీవీసీ గొట్టాన్ని మడిలో పాతి, నీటి మట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగిన తరువాత మళ్లీ నీరు పెట్టాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సూచించింది. పూతకు ఒక వారం ముందు నుంచి పూత తరువాత ఒక వారం వరకు మాత్రం 5 సెంటీమీటర్ల నీరు నిలపాలి. ఆ గొట్టంలోని సెన్సార్ వైరు తెగిపోతే బోర్డుకు సున్నా చదువుగా అందవచ్చు. దానిని "మడి ఎండింది" అని బోర్డు అర్థం చేసుకుంటే రాత్రంతా నీరు పెడుతుంది. "మడి నిండింది" అని అర్థం చేసుకుంటే పూత దశలో పైరు బెట్టకు గురవుతుంది. తెగిన వైరును తెగిన వైరుగా గుర్తించి, తలుపును కదపకుండా హెచ్చరిక పంపడమే సరైన రూపకల్పన. ఏ దశలో ఏ పొరపాటు పంటకు ఎక్కువ నష్టం చేస్తుందో చెప్పగలిగేది సస్యశాస్త్రవేత్త. దానిని రిలేగా, ఫ్యూజుగా, స్విచ్‌గా మార్చగలిగేది ఇంజనీరు. ఈ ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం చేయవలసిన అవసరముంది.

అభ్యంతరాలు, ఆచరణ

విద్యార్థుల చిన్న ప్రయోగాలకు ఇన్ని నిబంధనలు పెడితే ఉత్సాహం చచ్చిపోతుందన్న అభ్యంతరం వినిపించవచ్చు. అందులో కొంత న్యాయముంది. బల్ల మీద నమూనా చేస్తున్న విద్యార్థికి ఫ్యూజు, సరైన వైరు, ఒక ఆపు స్విచ్ చాలు. మిగతావి అడగనవసరం లేదు. కాని ఆ నమూనా గట్టు మీదికి, అందులోనూ మరొకరి పంట మీదికి వెళ్లిన రోజున అది ప్రయోగం కాదు, సిఫారసు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో విద్యార్థి చెప్పిన మాటను రైతు విశ్వవిద్యాలయం మాటగానే వింటాడు. 1925 నుంచి పనిచేస్తున్న మార్టేరు పరిశోధన స్థానం మాట మీద ఈ ప్రాంత రైతు విత్తనం మార్చాడు, స్వర్ణ వంటి రకాలను తన చేలో నిలుపుకున్నాడు. పొలంలో పెట్టి చూసిన తరువాతే సిఫారసు చేస్తారన్న నమ్మకం అందుకు మూలం. కొత్త వంగడానికి బహుళ ప్రదేశ పరీక్షలు, మినీకిట్ పరీక్షలు కోరే వ్యవస్థ, నీటిని నడిపే యంత్రానికి ఒక బకెట్టు నీటి పరీక్ష కూడా కోరకపోవడం పొసగదు.

మరొక వాదన ఖర్చుకు సంబంధించినది. ఫ్యూజు, మందపు తీగ, మంచి పెట్టె, ఆపు స్విచ్ కలిపితే నమూనా ధర పెరుగుతుంది, రైతు కొనడు అంటారు. వీటిని తీసివేసి చూపిన ధర నిజమైన ధర కాదు. మొదటి సార్వాలోనే చెడిపోయే పరికరం ఎంత చవకైనా రైతుకు నష్టమే. ఒక గ్రామంలో ఒక తూము ఇలా విఫలమైతే, ఆ తరువాత పదేళ్లు ఆ ఊరిలో ఎవరూ స్వయంచాలక నీటి యాజమాన్యం మాట విననొల్లరు. విస్తరణ రంగంలో పనిచేసినవారికి ఈ సంగతి వివరించనవసరం లేదు.

అందువల్ల పొలంలో ప్రదర్శనకు ముందు ప్రతి ప్రాజెక్టూ ఒక్క పుట నివేదిక ఇవ్వాలన్న నియమం అవసరం. అందులో వైరింగు చిత్రం, ఫ్యూజు రేటింగు, వైరు మందం, వెలుగు లేకుండా బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుందన్న లెక్క, చెడిపోయినప్పుడు తూము ఏ స్థితిలో నిలవాలన్న నిర్ణయం, ఆ నిర్ణయానికి పంటపరమైన కారణం ఉండాలి. ఆ తరువాత ఒక పూట చెడగొట్టే పరీక్ష జరగాలి. నడుస్తుండగా బ్యాటరీ తీసివేయాలి. తలుపు సందులో కర్ర అడ్డుపెట్టాలి. సెన్సార్ వైరు కత్తిరించాలి. పెట్టె మీద బకెట్టు నీళ్లు పోయాలి. ఇంతకు ముందు ఆ పరికరాన్ని చూడని ఒక రైతును పిలిచి, ఎవరి సాయమూ లేకుండా తూమును చేతితో తెరవమనాలి. ఈ ఐదింటిలో ఒక్కటి తప్పినా ప్రదర్శన వాయిదా పడాలి. ఎలక్ట్రికల్ విభాగం లేని వ్యవసాయ కళాశాలలు దగ్గరలోని పాలిటెక్నిక్ లేదా ఐటీఐ అధ్యాపకుని సహకారం తీసుకోవచ్చు.

మూల్యాంకన పద్ధతి కూడా ఇందుకు తగినట్లు మారాలి. ప్రస్తుతం పనిచేసిన నమూనాకే మార్కులు వస్తున్నాయి. చెడగొట్టే పరీక్షలో ఏమి చెడిందో, ఎందుకు చెడిందో, ఎలా సరిచేశారో రాసిన విద్యార్థికి అంతకు తగ్గని మార్కులు ఇవ్వాలి. అలా చేసినప్పుడు మోటారు మాడిపోయిన సంగతిని దాచవలసిన అవసరం విద్యార్థికి ఉండదు. తరువాతి జట్టు అదే తప్పు మళ్లీ చేయదు. క్షేత్ర ప్రదర్శనలను నివేదించే పరిశోధన వ్యాసాలలోనూ నీటి ఆదా లెక్కల పక్కన ఆ పరికరం సీజను మొత్తంలో ఎన్నిసార్లు ఆగింది, ఆగినప్పుడు మడిలో నీరు ఎంత ఉన్నది అన్న వివరం ఉండాలి. అది లేని నీటి ఆదా అంకె విస్తరణ శాస్త్రవేత్తకు ఉపయోగపడదు.

డెల్టా కాలువల మీద లాకులు, తలుపులు, అలుగులు కట్టినవారు వరద వచ్చినప్పుడు నీరు ఏ దారిన పోవాలో ముందే నిర్ణయించి కట్టారు. మడి తూముకు మోటారు బిగిస్తున్న నేటి విద్యార్థి పని పరిమాణంలో చిన్నదే అయినా బాధ్యతలో తక్కువది కాదు. రాబోయే సార్వాకు ముందే వ్యవసాయ కళాశాలలు, పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ ఒక్క పుట నియమాన్ని అమలులోకి తెస్తే, గట్టు మీదికి వెళ్లే మొదటి తూము నుంచే రైతుకు నమ్మదగిన పరికరం అందుతుంది.